ఆవకాయ వ్యాపారం: మొదటి సీజన్ లెక్క

ఆవకాయకు పనికొచ్చే కాయ మార్కెట్లో ఉండేది ఏప్రిల్ చివరి నుంచి నెల, నెలన్నర. అమ్మకం మాత్రం ఏడాది పొడుగునా. మేలో పెట్టిన డబ్బు మొత్తం చేతికి తిరిగి వచ్చేసరికి మళ్లీ మామిడి పూతకొస్తుంది. అందుకే చేతిలో ఉన్నదంతా కాయ మీద పెట్టకండి. సగం పక్కన ఉంచి గోంగూర, టమాటా, అల్లం పచ్చళ్లు, కారప్పొడులు తిప్పుతుంటే నెలనెలా ఖర్చులకు డబ్బు ఆడుతుంది. అప్పు కావాలంటే చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్రా పథకంలో శిశు రుణం కింద బ్యాంకులు 50 వేల దాకా ఇస్తాయి. వాయిదాలు జూన్‌లోనే మొదలయ్యేలా ఉంటే ఆ అప్పు మీకు సరిపడదు.

మొదటిసారి 100 కిలోల ముక్కలు చాలు. వాటికి కారం 20 కిలోలు, ఆవపిండి 20, ఉప్పు 20, నువ్వుల నూనె 40 లీటర్లు, మెంతులు కిలో, పసుపు అరకిలో పడతాయి. జీడి, పొర పోతాయి కాబట్టి కాయ పావు వంతు ఎక్కువ కొనాలి. సుమారు 195 కిలోల పచ్చడి వస్తుంది. ఉదాహరణకు కాయ, ముక్క కొట్టించే కూలి కలిపి 7,000, నూనె 14,000, కారం 6,000, ఆవపిండి 2,400, మిగతావి 900 అనుకుంటే మొత్తం 30,300. కిలోకు దాదాపు 155 రూపాయలు. ఇవి నమూనా ధరలే, మీ ఊరి ధరలు వేసుకోండి. ఈ లెక్కలో సగానికి దగ్గరగా నూనెదే. అక్కడ కక్కుర్తిపడి తగ్గిస్తే పైముక్కలు తేలి బూజు పడతాయి. సీసా, లేబుల్, కూలి, కారిపోయినవి కలిపి కిలోకు ఇంకో 70 రూపాయలు వేయండి. షాపుకి ఇవ్వాల్సిన కమీషన్ వేరే.

కాయ పుల్లగా, పీచుతో, టెంక గట్టిపడి ఉండాలి. జలాలు, చిన్న రసాలు బాగుంటాయి. లేత కాయ అయితే రెండు నెలలకే ముక్క మెత్తబడుతుంది. కడిగిన కాయను తుడిచి ఆరబెట్టాకే కొట్టించండి. చెడిపోయిన డ్రమ్ముల్లో ఎక్కువ వాటికి కారణం ఆ తడే. ఆవాలు ఎండబెట్టి పిండి పట్టించండి. మరలో వేడెక్కితే చేదు వస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా పట్టమనాలి. రంగు కోసం గుంటూరు కారంలో కొంత వరంగల్ చపాటా కలపొచ్చు, ఘాటు పెరగదు. అల్యూమినియం గిన్నెలు ముట్టకండి. జాడీలు గానీ, ఆహారానికి వాడే ప్లాస్టిక్ డ్రమ్ములు గానీ మేలు. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, ముక్కల పైన వేలెడు నూనె నిలిచేలా పోయాలి. ప్రతి డ్రమ్ము మీద కలిపిన తేదీ, నంబరు రాయండి. ఫిర్యాదు వస్తే ఏ డ్రమ్ము ఆపాలో వెంటనే తెలుస్తుంది.

ఇంట్లో చేసినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ సంస్థ వెబ్‌సైట్ ఫాస్కాస్‌లో చేసుకోవచ్చు. వచ్చే 14 అంకెల నంబరు లేబుల్ మీద వేయాలి. దానితోపాటు పదార్థాలు, నికర బరువు, ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, ఆకుపచ్చ శాకాహార గుర్తు, చిరునామా, ఫోను నంబరు ఉండాలి. ఉద్యమ్ నమోదు (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే గుర్తింపు) ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్లు అసలువి కావు.

జీఎస్టీ దగ్గర చాలామంది పొరపడతారు. సరుకు అమ్మకాలకు ఆంధ్రాలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట నిజమే, కానీ అది సొంత రాష్ట్రంలో అమ్మకాలకే. విజయవాడలో కలిపిన పచ్చడి హైదరాబాద్‌లో కొన్నవాళ్లకు పంపితే అంతర్రాష్ట్ర అమ్మకం అవుతుంది. మొదటి సీసాకే రిజిస్ట్రేషన్ ఉండాలి.

పార్సిల్లో నూనె కారడం ఇంకో తలనొప్పి. మూత కింద ఇండక్షన్ సీల్ (సీసా మూతికి వేడితో అతికించే రేకు) వేయించండి. ప్రతి లాట్ నుంచి రెండు సీసాలు తీసి రాత్రంతా పక్కకు పడుకోబెట్టి చూడండి. చికెన్ పచ్చడి అడిగేవాళ్లు వెంటనే వస్తారు, లాభమూ ఎక్కువే. కానీ దాని నిల్వ, శుభ్రత లెక్కలు వేరు, మొదటి ఏడాది దాని జోలికి పోకపోవడమే మంచిది.

డిసెంబరుకు సగం డ్రమ్ములు ఖాళీ కాకపోతే ధర తెగ్గొట్టకండి. మెస్‌లకు, కర్రీ పాయింట్లకు 5 కిలోల డబ్బాల్లో ఇవ్వండి. సీసా, లేబుల్ ఖర్చు మిగులుతుంది కాబట్టి ఆ మేరకు తగ్గించి ఇచ్చినా నష్టం లేదు.