బూటు సంగతి దిగేటప్పుడు తెలుస్తుంది

వేట బూట్లు అని ఫోన్‌లో వెతికితే జత పదివేలు, పదిహేను వేలు అంటూ బోలెడు వస్తాయి. బూటు కొనుక్కోండి గానీ వేట మాట మాత్రం మర్చిపోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర కుందేలుకు ఉచ్చు పెట్టినా కేసే. నెల్లూరు జిల్లా పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం, ప్రకాశం వైపు నల్లమలలో పులుల అభయారణ్యం ఉంది. అక్కడ అడవిలోకి పోవాలంటే ముందు ఫారెస్టు వాళ్ళను అడగాలి. కానీ దారి సరిగా లేని రాళ్ళ కొండలో రోజంతా తిరగడానికే కదా ఆ బూట్లు తయారయ్యేది, ఉదయగిరి దుర్గం ఎక్కే వాళ్ళకైనా, భైరవకోన చుట్టుపక్కల తిరిగేవాళ్ళకైనా, తప్పిపోయిన మేకల కోసం వెలికొండలు గాలించేవాళ్ళకైనా కావలసింది అలాంటిదే.

మన వాళ్ళు బూటు అనగానే మొదట అడిగేది వాటర్‌ప్రూఫా కాదా అని. నన్నడిగితే మన ఎండకు అది దండగ. నీళ్ళు రాకుండా లోపల వేసే ఆ పొర చలి ప్రాంతాల్లో బాగానే పనికొస్తుంది గానీ ఇక్కడ మార్చి దాటాక కాలు లోపల ఉడికిపోతుంది. మనకు వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అప్పుడు వాగు మోకాలి లోతు ఉంటే నీళ్ళు బూటు పైనుంచే లోపలికి దిగుతాయి, ఆ పొర ఉంది కాబట్టి మళ్ళీ బయటికి పోవు. దానికంటే మామూలు స్వెడ్ తోలు (పైన నూగులా గరుకుగా ఉండేది), మధ్యలో కాస్త గుడ్డ ఉన్న జత మేలు, తడిసినా తొందరగా ఆరుతుంది. మొత్తం సన్న జాలీ గుడ్డతో చేసినది మాత్రం వద్దు, సర్కారు తుమ్మ ముల్లు దాన్ని లెక్కచేయదు.

ఎత్తు చీలమండ పైదాకా ఉంటే చాలు. వదులు రాయి మీద కాలు మెలిక పడకుండా కొంత ఆపుతుంది, గడ్డిలో రక్తపింజరి లాంటిది ఉన్నా కాలికి కొంచెం అడ్డు. కొంచెమే సుమా, బూటు ఉంది కదా అని చూడకుండా అడుగు వేయకూడదు.

సోలు తిప్పి చూడండి. ట్రాక్టర్ టైరు మీద ఉన్నట్టు ఎత్తుగా గట్లు ఉండాలి, 4, 5 మిల్లీమీటర్ల లోతుంటే గులక మీద పట్టు దొరుకుతుంది. తర్వాత బూటును రెండు చేతులతో పట్టుకుని వంచండి. వేళ్ళు మడిచే చోట వంగాలి, నడిమికి మడత పడితే అది ఊళ్ళో తిరిగే బూటు. వెలికొండల్లో రాయి పలకలు పలకలుగా పదునుగా విరుగుతుంది, సోలు పల్చగా ఉంటే సాయంత్రానికి అరికాలు పచ్చిపుండే. జలపాతం దగ్గర పాచి పట్టిన బండ మీద మాత్రం ఎంత ఖరీదైన సోలైనా జారుతుంది, అక్కడ చేతులు కూడా వాడాల్సిందే.

పోర్టులో పనిచేసే మా బావ, ఇంట్లో సేఫ్టీ షూ ఉండగా వేరే ఎందుకురా అని అవే వేసుకొచ్చాడు. వేళ్ళ ముందు ఇనుప టోపీ ఉంటుంది కదా దానికి, ఎక్కేటప్పుడు ఏమీ అనిపించదు. దిగేటప్పుడు అడుగు అడుగుకీ బొటనవేలు ఆ ఇనుముకు కొట్టుకుంటుంది. ఉదయగిరి కొండ మూడు వేల అడుగుల పైన, ఆయన కిందికొచ్చేసరికి రెండు గోళ్ళూ నల్లబడ్డాయి, నెలకు ఊడిపోయాయి.

అందుకే సైజు చూసేది దిగడానికే. షాపుకు సాయంత్రం పూట వెళ్ళండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కొండకు వేసుకునే మందం సాక్సే వేసుకెళ్ళండి, అవి బడిపిల్లల నూలు సాక్సు కాకూడదు, నూలు చెమటను పట్టుకుని కూర్చుని బొబ్బలు తెప్పిస్తుంది. లేసులు కట్టకుండా కాలిని ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి. తర్వాత బిగించి, షాపులో మెట్లుంటే నాలుగుసార్లు గబగబా దిగండి. వేళ్ళు ముందు తగిలితే ఆ జత పక్కన పెట్టేయండి, వాడగా వాడగా సాగుతుందిలే అని అమ్మేవాళ్ళు చెప్పే మాట వెడల్పుకు కాస్త నిజమేమో గానీ పొడవు సాగదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఇదే పరీక్ష ఇంటి మెట్ల మీద, సోలుకు మట్టి అంటకుండా చేస్తే వాపసు పంపడానికి తిప్పలుండవు.

కొత్త జతతో నేరుగా కొండకు పోవద్దు. రెండు వారాలు పాల ప్యాకెట్టుకు, చేను గట్లకు అదే వేసుకు తిరగండి. దిగే ముందు చీలమండ వంపు దగ్గర లేసును ఒకటికి రెండుసార్లు మెలేసి బిగిస్తే మడమ వెనక్కి కూర్చుంటుంది, వేళ్ళు బతుకుతాయి.

ఇంకొకటి నా సొంత అనుభవం. మంచి జత, పెద్దగా వాడింది లేదు, మూడేళ్ళు అటక మీద డబ్బాలో పెట్టాను. దుర్గం సగం ఎక్కానో లేదో కుడి సోలు నోరు తెరిచింది, ఇంకో పది నిమిషాలకు ఎడమది. వేలితో గిల్లితే లోపలి మెత్తటి పొర బిస్కెట్టులా పొడిపొడిగా రాలింది. కొన్ని బూట్లలో ఆ పొర పాలీయురేథేన్‌ది ఉంటుంది, వాడకుండా ఉంచినా గాలిలో తేమకు, వేడికి లోపలే చివికిపోతుంది, పైన తోలు మాత్రం కొత్తదానిలా మెరుస్తుంటుంది. తువ్వాలు రెండుగా చించి కట్టుకుని కుంటుకుంటూ దిగాను. అప్పట్నుంచి బయల్దేరే ముందురోజు సోలు పక్కన బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కి చూస్తాను, గుంట పడి పొడి రాలితే ఆ జతను ఇంట్లోనే వదిలేస్తాను.