పిల్లల బర్త్‌డే డిన్నర్‌కి హోటల్ తేలట్లేదా? చిక్కు ఎక్కడుందో చూడండి

పదిహేను, పదహారేళ్లవాళ్లు "ఈసారి ఫ్రెండ్స్‌తో బయట డిన్నర్" అనగానే మనం ఫోన్ తీసి రేటింగులు వెతుకుతాం. రేటింగ్ బ్రహ్మాండంగా ఉన్న చోట కూడా ఆ సాయంత్రం చెడిపోతుంది. ఎవరెవరు వస్తారు, ఎంతలో అవ్వాలి, ఎన్నింటికి ఇల్లు చేరాలి అన్నవి తేల్చకుండా హోటల్ పేరు ముందు తేల్చేస్తాం కాబట్టి. హైదరాబాద్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. విజయవాడైనా, వరంగలైనా చిక్కులు దాదాపు ఇవే.

సమస్య: వాట్సాప్ గ్రూపులో వారం నుంచీ చర్చే, హోటల్ మాత్రం తేలదు

కారణం చాలాసార్లు డబ్బు. ట్రీట్ మొత్తం మీదేనా, ఎవరి వాటా వాళ్లు వేసుకోవాలా అన్నది ఎవరూ చెప్పరు. ఒకడు బార్బెక్యూ అంటాడు, ఇంకొకడు మండీ (మాంసంతో కలిపి వండే అరబ్బీ అన్నం) అంటాడు, మూడోవాడు "నాకు ఏదైనా ఓకే" అంటాడు. ఆ ఓకే అన్నవాడి జేబు గురించి కాస్త ఆలోచించండి.

పరిష్కారం: "పార్టీ మాది, ఎవరూ డబ్బు తేవద్దు" అన్నది మొదటి మెసేజ్‌లోనే వెళ్లాలి. తర్వాత మీ బడ్జెట్‌ని తలలతో భాగించండి. ఎనిమిది మందికి 6000 అనుకుంటే తలకు 750. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం కలుస్తుంది కాబట్టి మెనూలో తలకు 700 దాటకుండా చూసుకోవాలి. ఆ లెక్కలో ఇమిడే మూడు చోట్లు మీరు చెప్పండి, అందులో ఒకటి పుట్టినరోజు పిల్లో, పిల్లాడో ఎంచుకుంటారు. ముప్పై హోటళ్ల లిస్టు చేతికిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

సమస్య: అందరూ తింటుంటే ఒకరిద్దరు సోడా తాగుతూ కూర్చున్నారు

కారణం: "వెజ్జా, నాన్‌వెజ్జా" అని మాత్రమే అడిగి ఊరుకోవడం. మన ఇళ్లలో తిండికి వారం ఉంది, మాసం ఉంది. శనివారం ముట్టనివాళ్లు, గురువారం ముట్టనివాళ్లు, కార్తీకమాసమంతా మానేసేవాళ్లు, నాన్న అయ్యప్ప మాల వేసుకున్నందుకు తామూ మానేసిన పిల్లలు, హలాల్ అయితేనే తినేవాళ్లు, ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ తినని జైన్ పిల్లలు, పల్లీలు పడనివాళ్లు. ఎనిమిది మందిలో వీళ్లలో ఇద్దరైనా ఉంటారు. అందులోనూ ఈ వయసువాళ్లు నలుగురిలో నోరు తెరిచి చెప్పరు.

పరిష్కారం: వాళ్ల అమ్మలకు ఒక్క లైను పంపండి: "ఆ రోజు మీవాడు తినకూడనివి ఏమైనా ఉన్నాయా అండీ?" జవాబులు వచ్చాకే హోటల్.

మండీ సంగతి విడిగా చెప్పాలి. బార్కస్‌లో పేరు తెచ్చుకుని ఇప్పుడు నగరమంతా దొరుకుతోంది. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని తినడం ఈ వయసు గుంపుకి పండగే. కానీ ఆ అన్నం ఉడికేదే మాంసం రసంలో. ముక్కలు పక్కకు తీసేసినంత మాత్రాన అది శాకాహారం అయిపోదు. వెజ్ తినేవాళ్లు ఒక్కరున్నా మండీ ఇంకో రోజుకి పెట్టుకోండి. జీడిపప్పు, పల్లీలు పడని పిల్లలుంటే బుకింగ్ చేసేటప్పుడు ఒకసారి, ఆర్డర్ తీసుకునే కెప్టెన్‌కి మరోసారి చెప్పాలి. పనీర్ గ్రేవీల్లో జీడిపప్పు ముద్ద కంటికి కనిపించదు.

రంజాన్ నెలైతే ఉపవాసం ఉన్న స్నేహితుడి కోసం ఇఫ్తార్ వేళకే టేబుల్ చెప్పండి, ఖర్జూరాలు, మంచినీళ్లు ముందే పెట్టించండి. ఆ నెలలో హలీం దొరికే హోటళ్ల దగ్గర రద్దీ ఎలా ఉంటుందో తెలిసిందే, ఫోన్ చేయకుండా వెళ్లొద్దు.

సమస్య: బఫేకి అంత కట్టినా పిల్లలు స్టార్టర్లతోనే ఆపేశారు

బఫేలో పిల్లల రేటు చిన్నపిల్లలకే. పదిహేనేళ్లకు పెద్దవాళ్ల రేటే పడుతుంది, శని, ఆదివారాల్లో చాలాచోట్ల ఇంకాస్త ఎక్కువ. గుంపులో తిండిపుష్టి ఉన్నవాళ్లు ఎక్కువైతే బఫే గిట్టుబాటే. కబుర్లకొచ్చే బ్యాచ్ అయితే ఆర్డర్ ఇచ్చే చోటే మేలు: నాలుగు స్టార్టర్లు, రెండు ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీలు, ఐస్‌క్రీం.

సమస్య: ఏడింటికి రమ్మంటే ఎనిమిదిన్నరకి కూడా సగం మంది రాలేదు

టెన్త్, ఇంటర్ పిల్లలకు స్టడీ అవర్లుంటాయి. శనివారం సాయంత్రం మాదాపూర్, గచ్చిబౌలి ట్రాఫిక్ మన చేతిలో లేదు. ఆదివారం ఆరున్నరకి పెట్టుకోండి, మెట్రో స్టేషన్ నుంచి నడిచి రాగలిగే హోటల్ చూడండి. ఒకరు మియాపూర్‌లో, ఇంకొకరు ఉప్పల్‌లో ఉంటే రెండు లైన్లు కలిసే అమీర్‌పేట చుట్టుపక్కల అందరికీ వీలు.

సమస్య: "మీరు రావద్దు డాడీ"

ఇది కోపం కాదు, వయసు. అదే హోటల్లో దూరంగా ఇద్దరికి టేబుల్ తీసుకోండి, అటువైపు చూడకండి. బోర్డు మీద "బార్ అండ్ రెస్టారెంట్" అని ఉంటే మాత్రం వదిలేయండి. మద్యానికి మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండాలి. అక్కడ పిల్లల గుంపుకి విడిగా టేబుల్ ఇవ్వడం హోటల్‌వాళ్లకీ ఇబ్బందే.

సమస్య: కేక్ కట్ చేసేటప్పుడు గొడవ

బయటి కేక్ తేవచ్చా, ఫ్రిజ్‌లో పెడతారా, దానికి డబ్బు తీసుకుంటారా అన్నవి ముందే అడగండి. ఎగ్‌లెస్ అయితే అందరూ తింటారు. స్నో స్ప్రే వద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. అందులోని గ్యాస్ మండుతుంది, పక్కనే కొవ్వొత్తులుంటాయి.

సమస్య: బిల్లు అనుకున్నదానికంటే ఎక్కువొచ్చింది

సర్వీస్ ఛార్జ్ అనే లైను ఉందేమో చూడండి. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమని అడగండి, తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. పిల్లలు ఇలాంటివి అడగలేరు కాబట్టి బిల్లు మీ టేబుల్‌కే తెమ్మని ముందే చెప్పి ఉంచండి. టిప్పు మాత్రం వడ్డించినాయన చేతికే ఇవ్వండి, ఎనిమిది మంది పిల్లల్ని రెండు గంటలు భరించిన మనిషి.