షాపులో నచ్చిన సెంటు ఇంటికొచ్చేసరికి ఎందుకు మారిపోతుంది?

సమస్య: నెల్లూరు ట్రంకు రోడ్డులో కొట్టి చూసినప్పుడు నిమ్మ, బత్తాయి వాసన గుప్పుమంది. ఇంటికొచ్చాక చూస్తే ఇంకేదో తీపి వాసన.

కారణం: సెంటులోని వాసనలన్నీ ఒకేసారి ఎగరవు. నిమ్మజాతి నూనెల అణువులు తేలిక. పావుగంటా అరగంటలో ఆవిరైపోతాయి. వీటిని టాప్ నోట్స్ అంటారు. తర్వాత మల్లె, గులాబీ లాంటి హార్ట్ నోట్స్ కొన్ని గంటలు ఉంటాయి. గంధం, కస్తూరి, వెనిల్లా లాంటి బేస్ నోట్స్ బరువైనవి, ఆఖరిదాకా నిలుస్తాయి. పైవాటిని తొందరగా ఎగిరిపోనివ్వకుండా పట్టి ఉంచేదీ ఇవే.

పరిష్కారం: మొదటి వాసనకే డబ్బులు ఇచ్చేయకండి. మణికట్టు మీద కొట్టించుకుని బజారు పనులు చూసుకోండి. రుద్దొద్దు, రుద్దితే పై వాసన ఇంకా త్వరగా పోతుంది. గంటకోసారి, సాయంత్రం ఇంకోసారి చూడండి. రోజంతా మీతో ఉండేది ఆ సాయంత్రపు వాసనే. అది నచ్చితేనే కొనండి.

సమస్య: ఒంగోలు ఎండల్లో పొద్దున కొట్టుకున్నది మధ్యాహ్నానికి మాయం.

కారణం: వేడికి అన్ని పొరలూ త్వరగా ఎగిరిపోతాయి. పొడిచర్మం మీద మరీ త్వరగా.

పరిష్కారం: వాసన లేని వాజెలిన్ కొద్దిగా రాసి దానిమీద కొట్టుకోండి. బేస్‌లో వట్టివేరు ఉన్న సెంటు వెతకండి. మన వేసవికి నేను గట్టిగా చెప్పేది ఇదే: చల్లగా అనిపిస్తుంది, నిలుస్తుంది కూడా. వెనిల్లా ఎక్కువున్నవి చెమటతో కలిసి కిక్కిరిసిన బస్సులో ఊపిరాడనివ్వవు.

సమస్య: మీకే వాసన తెలియడం లేదు.

ముక్కు అలవాటు పడిపోయి ఉంటుంది. కొన్ని కస్తూరి అణువులు కొందరి ముక్కుకు అసలు అందవు కూడా. మళ్లీ కొట్టుకునే ముందు ఇంట్లోవాళ్లను అడగండి.

సమస్య: రొట్టెల పండుగలో కొన్న అత్తరు మొదట్లో మందకొడిగా ఉంది.

స్ప్రేలో ఆల్కహాల్ ఆవిరవుతూ పై వాసనలను ఒక్కసారిగా లేపుతుంది. అత్తరు నూనె కాబట్టి ఒంటివేడికి నెమ్మదిగా విచ్చుకుంటుంది. చుక్క చాలు, కాసేపు ఆగండి.

సమస్య: పాత సీసా కొట్టగానే పులిసిన వాసన.

కారణం: వేడికీ వెలుతురుకీ నిమ్మజాతి నూనెలు ముందు చెడతాయి. పావుగంట తర్వాత వాసన బాగుంటే, పోయింది పై పొర ఒక్కటే. అయినా ఆ చెడిన నూనె చర్మానికి దురద తేవచ్చు కనుక బట్టలకే కొట్టండి. కొత్త సీసాను మాత్రం కిటికీ దగ్గర పెట్టకుండా బీరువాలో, అట్టపెట్టెతో సహా దాచండి.