ఐబీడీ ఉన్నవాళ్ళు ఓపీకి ఎలా రెడీ అవ్వాలి

ఐబీడీ అంటే పేగుల్లో వాపు వచ్చే దీర్ఘకాలిక జబ్బు, అది క్రోన్స్ అయినా అల్సరేటివ్ కొలైటిస్ అయినా మోషన్స్ సర్దుకోగానే చాలామంది ఓపీకి వెళ్ళడం మానేస్తారు, నేనూ ఒక ఏడాది అలాగే మానేశా, నొప్పి లేదు రక్తం లేదు ఇంకెందుకులే అనుకున్నా, తీరా చూస్తే లోపల పేగులో వాపు అలాగే ఉంది. అందుకే బాగున్నప్పుడు ఉన్న అపాయింట్‌మెంట్‌ని అస్సలు మిస్ కావద్దు.

వెళ్ళే ముందు రెండు వారాల పాటు ఫోన్‌లో రాసుకోండి: రోజుకి ఎన్నిసార్లు మోషన్, రక్తం పడిందా, రాత్రి నిద్రలోంచి లేవాల్సి వచ్చిందా, బరువెంత, ఏ మందు ఎన్ని రోజులు మర్చిపోయారు. డాక్టర్ ముందు కూర్చోగానే "పర్లేదండీ, బాగానే ఉంది" అని నోట్లోంచి వచ్చేస్తుంది, సిగ్గుతో సగం చెప్పం, అదే రాసింది చూసి చదివితే అన్నీ బయటికొస్తాయి. మందు మర్చిపోయిన సంగతి దాచొద్దు ప్లీజ్, మందు పనిచేయట్లేదనుకుని ఇంకా పెద్ద మందుకి మార్చేస్తారు.

టెస్టులు ముందే ఇచ్చేసి రిపోర్ట్ చేతిలో పట్టుకుని వెళ్ళండి, లేకపోతే దానికోసం ఇంకో ఓపీ. ముఖ్యమైంది ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్, మలంతో చేస్తారు, మామూలుగా 50 లోపు ఉంటే నార్మల్, 250 దాటితే లోపల వాపు ఉందని అనుమానించాలి. సీఆర్‌పీ (వాపుని చూపించే రక్తపరీక్ష) నార్మల్ వచ్చిందని నిశ్చింతగా ఉండకండి, కొందరికి జబ్బు ముదిరినా అది పెరగదు. అజాథయోప్రిన్ వాడేవాళ్ళకి సీబీసీ (రక్తకణాల లెక్క), లివర్ టెస్ట్, మెసలమిన్ వాడేవాళ్ళకి కిడ్నీ టెస్ట్ అప్పుడప్పుడూ తప్పనిసరి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్ అయితే మొదటి మూడు డోసుల తర్వాత సాధారణంగా 8 వారాలకోసారి, ఆ డేట్ జరపకండి.

అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏడాదిలో రెండోసారి స్టెరాయిడ్ రాశారంటే "అసలు మందు మార్చాలా?" అని అడగండి, స్టెరాయిడ్ ఎప్పటికీ వాడేది కాదు, అలాగని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేసేదీ కాదు. పెద్దపేగులో జబ్బు మొదలై 8 ఏళ్ళు దాటితే క్యాన్సర్ చెకప్ కోసం కొలొనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ఎప్పుడో కనుక్కోండి. ఏ టీకా వేయించుకోవాలన్నా, ఒళ్ళు నొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోవాలన్నా ముందు అడగాల్సిందే.

ఇక రోజుకి ఆరు అంతకంటే ఎక్కువసార్లు రక్తంతో మోషన్, దానికి తోడు జ్వరమో గుండె దడో ఉంటే, లేదా కడుపు ఉబ్బి గట్టిపడి వాంతులవుతుంటే ఓపీ డేట్ కోసం ఆగకండి, నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళండి. జబ్బు తిరగబెడితే ఏ నంబర్‌కి ఫోన్ చేయాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో ఆ రూమ్‌లోంచి బయటికి రాకముందే రాయించుకోండి.