మొదటి టైమింగ్ రేసుకు ముందు: తిరుపతి విద్యార్థులకు జాగ్రత్తలు

తిరుపతిలో తెల్లారుజామున గ్రౌండ్‌లో కనిపించే కుర్రాళ్లలో చాలామంది కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం 1600 మీటర్లు కొట్టేవాళ్లే. వాళ్లతో కలిసి నాలుగు రోజులు పరిగెత్తాక, ఫ్రెండ్స్ మాట మీద 5కేకో 10కేకో (5, 10 కిలోమీటర్ల రేసులకు) పేరు ఇచ్చేస్తాం. చిక్కు అక్కడే ఉంది. 1600కు అలవాటైన కాళ్లు మొదటి కిలోమీటరులోనే ఉన్న సత్తువంతా ఖర్చు పెట్టేస్తాయి. పైగా టైమ్ పడుతోందన్న ఆరాటంలో ఒళ్లు చెప్పేది చెవికెక్కదు. గ్రౌండ్‌లో అయితే ఆయాసం రాగానే ఆగిపోయేవాడే, బిబ్ (రేసు నంబరు ఉన్న చీటీ) తగిలించుకున్నాక కళ్లు తిరుగుతున్నా ఆగడు.

చలికాలం రేసుకు ప్రాక్టీస్ చేయాలంటే అక్టోబరు, నవంబరుల్లోనే మొదలుపెట్టాలి. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు పడేది, హాస్టళ్లలో జ్వరాలు తిరిగేది కూడా అప్పుడే. జ్వరం ఉండగా పరిగెత్తొద్దు. వైరల్ జ్వరాల్లో ఒక్కోసారి గుండె కండరానికి కూడా వాపు వస్తుంది, ఆ టైమ్‌లో గట్టిగా శ్రమ పెడితే ప్రాణం మీదికొస్తుంది. జ్వరం తగ్గాక కూడా కొన్నాళ్లు నడకతోనే సరిపెట్టుకోండి. డెంగ్యూ అయితే డాక్టర్ సరే అనేదాకా బూట్ల జోలికే పోవద్దు. పరిగెత్తేటప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయి ఉన్నా, ముందు డాక్టర్‌కు చూపించుకుని ఈసీజీ తీయించుకోండి. ఆ తరువాతే పేరు ఇవ్వండి.

అలిపిరి నుంచి జూపార్కు వైపు వెళ్లే రోడ్డు పరిగెత్తడానికి బాగుంటుంది. కానీ చీకట్లో ఒంటరిగా వద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలో చనిపోయింది. కొండ పాదం వెంట ఉన్న రోడ్లన్నీ ఆ అడవిని ఆనుకున్నవే. తెల్లారాక, నలుగురు కలిసి వెళ్లండి. కొండకు పోయే జీపులు, బస్సులు ఆ వేళకే జోరు మీద ఉంటాయి కాబట్టి రోడ్డుకు కుడివైపున, ఎదురొచ్చే బండి కనిపించేలా పరిగెత్తండి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు.

అలిపిరి మెట్ల సంగతి. మొత్తం 3550 మెట్లు, ఎక్కితే దమ్ము పెరుగుతుందని అందరూ అంటారు. పెరుగుతుంది, కాదనను. అయితే తొడల్ని నలగ్గొట్టేది ఎక్కడం కన్నా దిగడమే. ఆ నొప్పి రెండో రోజుకు ముదురుతుంది. రేసు ఉన్న వారంలో మెట్లు దిగొద్దు. మొక్కు ఉంటే రేసు అయ్యాక తీర్చుకోండి, స్వామి ఏమీ అనుకోడు.

ముందురోజు రాత్రి కొత్త తిండి వద్దు. ఫ్రెండ్ పుట్టినరోజు బిర్యానీ, సంగటి-నాటుకోడి పులుసు, అన్నీ మరుసటి రోజు మధ్యాహ్నానికి వాయిదా వేయండి. తెల్లారి ఐదింటికి మెస్ తెరవరు కాబట్టి అరటిపండ్లు ముందురోజే కొని పెట్టుకోవాలి. తినేది ఏదైనా స్టార్ట్‌కు గంటన్నర, రెండు గంటల ముందే తినేయాలి. కొత్త బూట్లు, కొత్త సాక్సులు రేసు రోజున తొడిగితే బొబ్బలు ఖాయం. తొడలు, చంకలు ఒరుసుకునే చోట వ్యాజిలీన్ రాయండి.

బిబ్‌ను ఛాతీ మీద నాలుగు మూలలా పిన్నులతో గుచ్చండి. చాలా రేసుల్లో మీ టైమ్ లెక్కపెట్టే చిప్ దాని వెనకే అంటించి ఉంటుంది. మడవొద్దు, చిప్‌లోకి పిన్ను గుచ్చొద్దు, మీద జాకెట్ కప్పొద్దు. స్టార్ట్‌లో పరిచిన మ్యాట్ దాటినప్పుడే మీ చిప్ టైమ్ మొదలవుతుంది. కాబట్టి ముందు వరసలో తోసుకుంటూ నిలబడాల్సిన పనిలేదు. మొదటి రేసుకు వెనక నిలబడటమే క్షేమం. ముందున్నవాళ్ల ఊపులో కొట్టుకుపోరు, తొక్కిసలాటలో పడరు.

జూనియర్లు అడుగుతుంటారు, "అన్నా, ఎంత టైమ్ వస్తే పరువు నిలబడుతుంది?" అని. నన్నడిగితే మొదటి రేసుకు టార్గెట్టే వద్దు. ఊరుకోలేమంటే ఈ లెక్క పట్టుకోండి. 10కే గంటలో అంటే కిలోమీటరుకు 6 నిమిషాలు. మొదటి రెండు కిలోమీటర్లు మాత్రం 6 నిమిషాల 15 సెకన్లకు తగ్గకుండా వెళ్లండి. అక్కడ పోయేది అరనిమిషం. ఆ అరనిమిషాన్ని చివర్లో రాబట్టుకోవచ్చు, మొదట్లో తగలేసిన దమ్ము మాత్రం తిరిగి రాదు. పక్కవాడితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మన ఊళ్లో కొండవైపు పోయే దారి ఎగువ, టౌన్‌లోకి వచ్చే దారి దిగువ. ఎగువలో వాచ్ చూడొద్దు. డొక్కలో పట్టేస్తే వేగం తగ్గించి, నోటితో గాలి మొత్తం వదులుతూ కాసేపు నడవండి. నడిస్తే ఎవరూ డిస్‌క్వాలిఫై చేయరు.

నీళ్లు దాహాన్ని బట్టి గుక్కలుగా తాగండి. భయంతో లీటర్లకు లీటర్లు మంచినీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రమాదమే. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు కలపాలి, చిక్కగా ఉంటే మంచిదని అర లీటరులో కలపొద్దు. నొప్పి రాకుండా ముందే మాత్ర వేసుకునే అలవాటు కొందరికి ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇబుప్రోఫెన్ లాంటివి కిడ్నీల మీద దెబ్బకొడతాయి. వేసుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. ఎవరైనా తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ కావచ్చు. చెమట పడుతోంది కదా అని ధీమా పడొద్దు, పరుగులో వచ్చే వడదెబ్బకు చెమట ఉన్నా ఉంటుంది. నీడలో పడుకోబెట్టి, దొరికిన చల్లటి నీళ్లన్నీ ఒంటి మీద పోస్తూ, విసురుతూ, 108కి ఫోన్ చేయించండి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లార్చడం ఆపొద్దు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. స్పందన లేక, ఊపిరి కూడా ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. హాస్టల్‌లో రూముకొకరైనా ఇది నేర్చుకుని ఉంటే మంచిది.

ఫినిష్ దాటగానే కూలబడొద్దు, సెల్ఫీకి మ్యాట్ మీద ఆగొద్దు. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఓ పది నిమిషాలు మెల్లగా నడవండి. ఫలితాల్లో రెండు టైమ్‌లు కనిపిస్తాయి. గన్ టైమ్ స్టార్ట్ ఇచ్చిన క్షణం నుంచి లెక్క, చిప్ టైమ్ మీరు మ్యాట్ దాటినప్పటి నుంచి. మీ పేరే కనిపించకపోతే నిర్వాహకులకు బిబ్ నంబరు, ఫినిష్ దగ్గరి ఫొటో పంపాలి. ఫలితాలు వచ్చేదాకా బిబ్ పారేయకండి.