సూది భయం దాటి క్రమం తప్పని రక్తదాత కావడం ఎలా?

రక్తదానానికి వెనుకాడేవారిలో చాలామందిది మనసు లేకపోవడం కాదు, సూదిని తలచుకోగానే అరచేతులు చెమర్చడం. ముందుగా మీ భయం దేని గురించో తేల్చుకోండి. నొప్పి ప్రధానంగా సూది గుచ్చే క్షణానిదే. ఆ తరువాత 350 నుంచి 450 మిల్లీలీటర్ల రక్తం సంచిలోకి చేరడానికి సుమారు 10 నిమిషాలు పడుతుంది. రక్తం చూడలేనివారు తల పక్కకు తిప్పుకోవచ్చు. ఆ మాట సిబ్బందికి ముందే చెప్పడంలో నామోషీ ఏమీ లేదు.

కళ్లు తిరగడం గురించి మాత్రం కొంత వివరంగా చెప్పుకోవాలి. ఆందోళన వల్ల, రక్త పరిమాణం తగ్గడం వల్ల కొందరిలో గుండె వేగం నెమ్మదించి, రక్తనాళాలు సడలి, రక్తపోటు ఒక్కసారిగా పడిపోవడంతో మెదడుకు చేరే రక్తం కాసేపు తగ్గుతుంది. అది పిరికితనం కాదు, శరీర ధర్మం. ముందు రాత్రి బాగా నిద్రపోయి, ఖాళీ కడుపుతో వెళ్లకుండా, దానానికి కొద్దిసేపటి ముందు అర లీటరు నీళ్లు తాగి, సూది ఉన్న చేతిని కదపకుండా తొడల, పొట్ట కండరాలను 5 సెకన్లు బిగించి 5 సెకన్లు వదులుతూ ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. తల తేలిపోతున్నట్టు అనిపిస్తే వెంటనే చెప్పండి. పూర్తయ్యాక 15 నిమిషాలైనా విశ్రాంతి తీసుకోండి.

నా ఉద్దేశంలో అసలు పరీక్ష రెండోసారి వెళ్లడమే, కాబట్టి తదుపరి తేదీని అక్కడే రాసుకోండి. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా ఒకటి రెండు రోజుల్లో, ఎర్రకణాలు కొన్ని వారాల్లో భర్తీ అయినా, ఇనుము నిల్వలకు నెలలు పట్టవచ్చు కనుక రక్తనిధి చెప్పిన విరామాన్ని తప్పక పాటించాలి. హిమోగ్లోబిన్ తక్కువని ఒకసారి తిప్పి పంపితే నొచ్చుకోకుండా, వైద్యుల సలహాతో సరిచేసుకుని మళ్లీ వెళ్లండి.