కాలర్ మైకు పలకకపోతే ముందు పిన్ను చూడండి

జముకుల కథో, పాటో ఇంట్లో కంప్యూటర్‌లో రికార్డు చేద్దామనుకునే మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి ఒక మాట. ఫోన్‌కి వాడే, చొక్కా కాలర్‌కి తగిలించే మైకు పిన్ను మీద నల్ల గీతలు మూడుంటాయి. సీపీయూ గులాబీ రంగు సాకెట్‌కి రెండు గీతల పిన్నే కావాలి. అందుకే గొంతు రాదు, వచ్చినా పీలగా వస్తుంది. మైకు పాడైందని పారేయకండి. మైకుకి, హెడ్‌ఫోన్‌కి దారి విడదీసే వై స్ప్లిటర్ కొని, మైకు బొమ్మ ఉన్న కొసను సీపీయూ వెనక సాకెట్లో పెట్టండి. ముందు సాకెట్లో గురగుర ఎక్కువ. ఒకే సాకెట్ ఉన్న ల్యాప్‌టాప్‌కి మామూలుగా ఈ బాధ లేదు.

విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో మైకు లెవెల్ 80, బూస్ట్ (మైకు శబ్దాన్ని ఇంకా పెంచేది) 10 డెసిబెల్స్ చాలు. బూస్ట్ 30 పెడితే ఫ్యాను హోరంతా ఎక్కేస్తుంది. జముకు వాయించేటప్పుడు బూస్ట్ సున్నా చేసి, మైకు మూడడుగుల దూరంలో ఉంచండి. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో మీటరు -12, -6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. 0 తాకిందా, దరువు పగిలిపోతుంది, తర్వాత బాగుచెయ్యడం కష్టం.